ఎనిమిదో తేదీ రాకుండా

దిల్‌సుఖ్‌నగర్,
9 మార్చి 2014

రామస్వామికి, జోగారావు రాసేది.

నాలుగు రోజులుగా మబ్బు. మొన్న సాయంత్రం రాళ్ళ వాన పడింది. డిపో ఎదురు సందులో నీళ్ళు నిలిచి మన షాపు మెట్టు దాకా వచ్చాయి. మెట్టు ఎక్కలేదు. ఈ రోజు ఆదివారమైనా తెరిచాను. రెండు కిరాయి ఒప్పందాలు, ఒక గృహప్రవేశం కార్డు, ఒక పెద్దాయన పింఛను అర్జీ. మధ్యాహ్నం కరెంటు లేదు. అంతే పని.

ఫోను చేయకుండా ఉత్తరం ఎందుకని నువ్వు అడగవు. మీ ఊళ్ళో గుట్ట ఎక్కితేగాని సిగ్నలు రాదు. నువ్వు ఎక్కినా నాకు వినపడదు. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి నాగేశ్వరి కోపంగా మాట్లాడినప్పుడే పనిచేస్తుంది. మెయిలు పంపితే మన అక్షరాలు అవతలి కంప్యూటర్లో పిచ్చి గీతలుగా కనిపిస్తాయి. అందుకని మన మిషను మీదే కొట్టి, ప్రింటు తీసి, పోస్టులో వేస్తున్నాను.

అసలు సంగతి ఇది. నిన్న మిషను ఆన్ చేయగానే మధ్యలో ఒక ఇంగ్లీషు మెసేజి వచ్చింది. మన మిషనును నడిపించే ఎక్స్‌పికి ఏప్రిల్ 8తో సపోర్టు ముగుస్తుందట. కింద ఓకే అని బొత్తాం ఉంది. నొక్కితే ఒప్పుకున్నట్టవుతుందేమోనని నొక్కలేదు. దాన్ని పక్కకు లాగి పెట్టి, కనిపించినంత మేర పని చేసుకుంటున్నాను.

వెనక సందులో కంప్యూటర్లు బాగుచేసే రాఘవేంద్రను పిలిచాను. నా కుడి చెవిలో అరిచి చెప్పాడు.

"ఆగదు అంకుల్. కానీ ఉండదు."

"ఆగదంటావు, ఉండదంటావు. ఏది?"

"అంటే కంపెనీ ఇక చూసుకోదు. కొత్తది కొనేయండి."

"కొత్తదాంట్లో మన తెలుగు అక్షరాలు వస్తాయా?"

"ఆ అక్షరాలు చేసినోళ్ళు కంపెనీ ఎప్పుడో మూసేశారు గదా. కొత్తదాంట్లో ఎక్కదు. కొత్త కీబోర్డు నేర్చుకోండి."

కొత్త కీబోర్డులో అక్షరాలన్నీ వేరే చోట ఉంటాయి. అరవై ఏడేళ్ళ వాణ్ణి. 'క' ఎక్కడుందో చెప్పమంటే నేను చెప్పలేను. వేలికి తెలుసు. వేలు మళ్ళీ నేర్చుకుంటుందా?

నాగేశ్వరితో పెట్టుకున్న షరతు ఒకటి నీకు చెప్పలేదు. ఢిల్లీలో బిల్లు పాసైన రోజు నుంచి ఆవిడ తెనాలి వెళ్ళిపోదామంటోంది. వాళ్ళ చెల్లెలు ఉదయలక్ష్మి మేడ మీద వాటా మా కోసం ఖాళీగా ఉంచింది. రోజూ ఈ మాటేనని విసిగి, చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. మిషను ఆగిన రోజు వెళ్ళిపోవాలి. ఆగనంత వరకు ఆవిడ నోరెత్తదు. ఒప్పుకున్నప్పుడు ఈ మెసేజి ఇంకా రాలేదు.

నాకు వెళ్ళాలని లేదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇక్కడే ఉన్నాను. తెనాలిలో నేను ఏం చేయాలి? ఉదయలక్ష్మి మనవలకు లెక్కలు చెప్పాలా?

కూరగాయల అండాలమ్మ నిన్న గుమ్మంలో బుట్ట దించి, "అమ్మా, మీరెప్పుడు పోతరు? పోయేటప్పుడు జర మీ రోలు నాకియ్యుండ్రి" అంది. వేళాకోళమే. నాగేశ్వరి మాత్రం ఆ పూట వంకాయలు కొనలేదు.

సపోర్టు ముగియడం అంటే ఏమిటో నీకేమైనా తెలిస్తే రాయి.

జోగారావు

*

ఎర్రకుంటపల్లి,
17 మార్చి 2014

జోగారావు సార్‌కు రామస్వామి నమస్కారాలు.

ఇక్కడ కూడా రాళ్ళు పడ్డాయి. బత్తాయి పిందె చాలా రాలింది. నేను, అరుణమ్మ ఏరి గంపలకెత్తి గట్టు అవతల పోశాం. నిన్న బోరు మోటారు కూడా మొరాయిస్తే బయటికి తీసి మళ్ళీ దించాం.

మీ ఉత్తరం మా అబ్బాయి మధు చదివి వినిపించాడు. ఎల్బీ నగర్ నుంచి ఆదివారం వచ్చి ఉన్నాడు. నా కుడి కంటికి పొర వచ్చింది, ఎడమ కన్ను కూడా అదే దారిలో ఉంది. వానాకాలంలో మలక్‌పేటలో ఆపరేషను చేయిస్తానని మధు అంటున్నాడు. రాయడానికి చేయి అలవాటుగా పోతుంది గానీ రాసింది చదవలేను. మీ దగ్గర పద్నాలుగేళ్ళు కంపోజు చేసి నా రాత మీ పుస్తకాల భాష అయిపోయిందని మధు నవ్వుతాడు.

సపోర్టు సంగతి నాకూ తెలియలేదు. మా మోటారు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. మోటారు నడుస్తూనే ఉంది. అయితే మోటారుకు ఫలానా తేదీ అని ఎవరూ నోటీసు ఇవ్వలేదు. మీ దానికి ఇచ్చారు. అందుకని ఏమనాలో తోచడం లేదు. బస్టాండు దగ్గర హోటల్ సైదులును అడిగితే, "కంపెనోడు చెయ్యి ఇడిసిండంటే ఇడిసినట్టే. రాష్ట్రం ఇడిపోయినంక మనకు కరెంటు ఇస్తరా, ఇయ్యరా? ఎవనికెర్క? గిది గూడ గట్లనే" అన్నాడు. వాడికి అన్నిటికీ అదే జవాబు.

ఒక మంచి మాట. మౌనికకు సంబంధం కుదిరింది. పిల్లవాడిది భువనగిరి. మే 11 ఆదివారం పొద్దున ముహూర్తం. మా ఇంటి ముందరే పందిరి. కార్డు మీరే వేయాలి. పేర్లు, ముహూర్తం వేరే కాగితం మీద రాసి పెట్టాను. ప్రూఫ్ పంపకండి. సన్న అక్షరాలు నాకు ఆనవు. మీరు చూస్తే నేను చూసినట్టే.

ఇంకొకటి. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామ పందిట్లోకి తేవాలి. అరుణమ్మ తమ్ముడు పోయి మూడేళ్ళయింది. మీరు ఆమెను చెల్లె అని పిలుస్తారు. మౌనిక చిన్నప్పుడు మీ ఒళ్ళో కూర్చుని ఆ మిషను మీదే తన పేరు కొట్టుకుంది. మేనమామగా మీరే కావాలని ఆ పిల్ల పట్టు. గంప మోసేవాళ్ళు మోస్తారు. మీరు అంచు పట్టుకుంటే చాలు. అక్కను తీసుకుని ముందు రోజే రండి.

రామస్వామి

*

దిల్‌సుఖ్‌నగర్,
6 ఏప్రిల్ 2014

రామస్వామికి,

ఎండ ముదిరింది. షాపు రేకుల కింద పగలంతా పెనం మీద కూర్చున్నట్టుంది. ఎన్నికల పని వచ్చింది. రెండు పార్టీల కరపత్రాలు కొడుతున్నాను. ఒకరు మెట్టు దిగాకే రెండోవారి కాగితాలు బల్ల మీదికి తీస్తాను.

మౌనిక సంగతి విని నాగేశ్వరి, నేను చాలా సంతోషించాం. గంప అంచు పట్టుకుంటాను. మోయమన్నా మోస్తాను. ఆవిడ అప్పుడే చీర తీసి ఇస్త్రీకి ఇచ్చింది.

మిషను విషయానికి ఒక దారి దొరికింది. రాఘవేంద్ర చెప్పలేదు, నేనే ఆలోచించాను. ఏప్రిల్ 8 వచ్చిందని మిషనుకు ఎవరు చెబుతారు? దాని లోపలి గడియారం చెబుతుంది. ఆ గడియారం మనం పెడితే పెట్టినట్టు ఉంటుంది. కాబట్టి నెల, తేదీ అలాగే ఉంచి సంవత్సరం మాత్రం వెనక్కి తిప్పాను. 2009 పెట్టాను. అప్పటికి ఇంకా ఏ గొడవా లేదు. నువ్వు, నేను పక్కపక్కన కూర్చునేవాళ్ళం. మర్నాడు ఆన్ చేస్తే ఆ మెసేజి లేదు. దాని లెక్కన 2014 ఏప్రిల్ ఎనిమిదికి ఇంకా ఐదేళ్ళుంది.

కోర్టు కాగితాల మీద తేదీ తప్పు పడకుండా అక్కడ ఖాళీ వదిలి చేత్తో రాస్తున్నాను. అంత జాగ్రత్తగానే ఉన్నాను. నాగేశ్వరికి మాత్రం చెప్పలేదు. ఎల్లుండి దాటాక, "చూశావా, ఆగలేదు" అని చెబుతాను. అందులో అబద్ధం లేదు కదా. ఆగనిది ఆగలేదనే చెబుతున్నాను.

మౌనిక కార్డు అయింది. పెద్ద పేర్లకు మనం జాతర కరపత్రాలకు వాడే లావు అక్షరం వేశాను. ట్రేసింగు కాగితం మీద తీసి, అచ్చు వేయడానికి మలక్‌పేట ప్రెస్సుకు ఇచ్చాను. మధు వచ్చి తీసుకెళ్తాడు. నువ్వు వారం తప్పు రాశావు. దిద్దాను. మొదటి రోజే నీకు చెప్పిన మాట గుర్తుందా? కార్డు వేయించుకునే పార్టీ చెప్పిన వారం నమ్మకు, మిషను తెర మూలనున్న గడియారం తెరిచి అందులో ఆ నెల చూసి వెయ్యి అని. ఆ అలవాటుతో ఎంతమంది పెళ్ళిళ్ళు కాపాడాం! సొంత కూతురి పెళ్ళికి వచ్చేసరికి నువ్వే పార్టీవి అయిపోయావు.

జోగారావు

*

ఎర్రకుంటపల్లి,
20 ఏప్రిల్ 2014

జోగారావు సార్‌కు,

వడగాలి లేచింది. పొద్దున పది దాటితే చేలో నిలబడలేం. తోటకు తెల్లవారుజామునే నీళ్ళు పెడుతున్నాను. పందిరికి గుంజలు కొట్టించి ఎండబెట్టాం.

కార్డులు అందాయి. మౌనిక పేరు లావు అక్షరంలో నాకు కూడా ఆనింది. చేత్తో తడిమి చూశాను. చుట్టుపక్కల మూడు ఊళ్ళలో పంచాం. మా మేనత్త లచ్చమ్మకు మధు స్వయంగా వెళ్ళి ఇచ్చి వచ్చాడు.

ఆదివారం అనే రాశానని అనుకున్నాను. తొందరలో ఇంకేదో రాసి ఉంటాను. దిద్దారు, మంచిదయింది.

2009 సంగతి మధు చదువుతూ చదువుతూ ఆగి నవ్వాడు. "నాయనా, సారుకు జెప్పు. గొడవ లేని సంవత్సరం గావాల్నంటే తొమ్మిది గాదు, యాభై ఆరు దాక ఎనుకకు తిప్పాలె" అన్నాడు. మీరేమీ అనుకోకండి. వాడు ధర్నాలకు పోయినవాడు, మాట అట్లనే వస్తుంది. మీరంటే గౌరవమే.

కానీ సార్, అక్కకు చెప్పేది ఉండె. ఎనిమిది దాటింది, ఆగలేదు అంటే ఆమె నమ్ముతుంది. మీరు ఏది చెబితే అది నమ్మే మనిషి. నాకెందుకో అది సరిగా తోచలేదు. చెప్పే చనువు ఉంది కాబట్టి రాశాను.

మిమ్మల్ని మేనమామగా పిలిచానని ఊళ్ళో ఒకరిద్దరు అడిగారు. ఏమన్నారన్నది ముఖ్యం కాదు. ముందు రోజే రండి. పొద్దున బస్సు అయితే ఎండకు ముందే దిగుతారు.

రామస్వామి

*

భువనగిరి,
12 మే 2014

శ్రీ జోగారావు గారికి,

నిన్న మౌనిక పెళ్ళి అయింది. అప్పగింతలు చేసి నేను, మధు పిల్ల వెంట వియ్యంకుల ఇంటికి వచ్చాం. రేపు తిరిగి వెళతాం. ఇక్కడ పోస్టాఫీసు పక్కనే ఉంటే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందు రోజు రాత్రి మీ కోసం మంచాలు వేసి ఉంచాం. ముహూర్తం దగ్గరపడే దాకా చూశాం. మధు రెండుసార్లు రోడ్డు మీదికి వెళ్ళి వచ్చాడు. అయ్యగారు తొందరపెట్టాడు. చివరికి సైదులు వచ్చి గంప అంచు పట్టుకున్నాడు.

జనం కూడా అనుకున్నంత రాలేదు. మా మేనత్త రాలేదు, అరుణమ్మ వైపు వాళ్ళు చాలామంది రాలేదు. కారణం తెలియదు. వండింది మిగిలింది. మగపిల్లవాడి వైపు వాళ్ళు ఏమీ అనలేదు గానీ ఖాళీ విస్తళ్ళ వైపు చూశారు.

మీరు ఎందుకు రాలేదని నేను అడగను. ఈ నెలల్లో ఎవరి మనసులో ఏముందో ఎవరికీ తెలియడం లేదు. ఊళ్ళో ఒకరు, వాళ్ళు రారని ముందే చెప్పానా లేదా అన్నారు. మౌనిక అడిగితే సారుకు ఒంట్లో బాగాలేదేమో అన్నాను. అదే నిజమైతే కబురు పంపగలరు.

ఇట్లు,
జి. రామస్వామి

*

దిల్‌సుఖ్‌నగర్,
13 మే 2014

రామస్వామికి,

నువ్వు భువనగిరి నుంచి ఇంకా రాకముందే నేను మీ ఊరి నుంచి తిరిగి వచ్చేశాను. ఎండ, వడగాలి. షాపు తెరవలేదు. మీ ఇంట్లో ఏం జరిగిందో అరుణమ్మ చెప్పే ఉంటుంది. నేనూ చెప్పాలి.

ఆదివారం బయలుదేరాం. పొద్దున బస్సు దొరకలేదు. దిగేసరికి నాలుగైంది. ఒక రోజు ముందే వచ్చాం కదా, తొందరేముందని నిదానంగా నడిచాం. నాగేశ్వరి చేతిలో మౌనిక చీర, నా చేతిలో పళ్ళ బుట్ట. మీ ఇంటి ముందు పందిరి విప్పుతున్నారు.

"రేపు పెళ్ళి పెట్టుకుని ఇప్పుడు పందిరి విప్పుతారేమిటి?" అంది నాగేశ్వరి.

మార్చి కడుతున్నారేమో అన్నాను.

అరుణమ్మ బయటికి వచ్చింది. "ఇప్పుడొస్తిరా అన్నా?" అంది. ముఖంలో నవ్వు లేదు.

"ఒక రోజు ముందే వచ్చాం కదమ్మా."

ఆవిడ నన్ను, నాగేశ్వరిని మార్చి మార్చి చూసింది. "ఎండల వడ్డరు గద, జర నీళ్ళు తాగుండ్రి" అని లోపలికి వెళ్ళింది. ఎండదెబ్బ తగిలి మతి తప్పిందనుకున్నట్టుంది. నీళ్ళు తాగాక చెప్పింది. నాకు సగం వినపడలేదు. వినపడిన సగం అర్థం కాలేదు. పెళ్ళి సోమవారం కదా అంటాను, అయిపోయింది అంటుంది. నాగేశ్వరి నా కుడి చెవి దగ్గరికి వంగి, "పెళ్ళి ఇవాళ పొద్దున అయిపోయిందండీ, పిల్ల వెళ్ళిపోయింది" అంది. పందిరి గుంజ పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు కూడా తప్పు నాదని తోచలేదు. ముహూర్తం మార్చి నాకు చెప్పలేదేమో అనుకున్నాను. నీ మీద కోపం కూడా వచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

బస్సులు లేక ఆ రాత్రి అక్కడే ఉన్నాం. సోమవారం పొద్దున ఆటోల్లో జనం దిగారు. కొత్త చీరలు, తలల్లో పూలు. ముందు లచ్చమ్మ. ఎవరేమన్నారో నాగేశ్వరి నా కుడి చెవిలో చెబుతూ వచ్చింది.

"అరుణా, పందిరేదే? పెండ్లి లేదా?"

"నిన్ననే అయిపాయె అత్తా. ఎందుకు రాకపోతివి?"

"నిన్న ఎట్లయితది? గీ కార్డుల సోమారం అని ఉన్నది. నా మనుమడు సదివి జెప్పిండు."

సైదులు కార్డు తీసుకుని చూశాడు. "పదకొండు అని గూడ ఉంది గద ముసలీ."

"పదకొండు నాకేం ఎర్క? నాకు సోమారం ఎర్క."

అందరూ నవ్వారు. సైదులు కార్డు తిప్పి చూసి, "ఎవడు అచ్చేసిండు ర గిది? పొయ్యేముందర మన పెండ్లి గూడ ఖరాబు జేసి పోదామనుకున్నరు ఆంధ్రోళ్ళు" అన్నాడు.

నేనే వేశానన్నాను. గట్టిగా అన్నానో మెల్లిగా అన్నానో తెలియదు. నా గొంతు నాకు వినపడదు. అందరూ నా వైపు తిరిగారు కాబట్టి వినపడే ఉంటుంది.

"నిన్నని కాదు సారూ, ఊకె అన్న" అన్నాడు సైదులు. అతను నా ముఖం చూడలేదు.

అరుణమ్మ మధ్యకు వచ్చింది. "మా అన్ననే అచ్చేసిండు. తప్పయింది. ఏం జేద్దాం? కార్డు పట్టుకొని వచ్చినోళ్ళు బువ్వ తినకుండ పోతరా? కూసోండ్రి" అని మళ్ళీ పొయ్యి వెలిగించింది. నాగేశ్వరి కత్తిపీట ముందేసుకుని కూర్చుంది. తిన్నవాళ్ళంతా నన్ను చూసుకుంటూ తిన్నారు. లచ్చమ్మ మాత్రం నా పక్కన కూర్చుని, పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పింది.

కార్డు చేతిలో పెట్టుకుని అప్పుడు లెక్క వేశాను. నువ్వు ఆదివారం అని సరిగానే రాశావు. నేను అలవాటుగా గడియారం తెరిచి మే నెల చూశాను. పదకొండు సోమవారం అని ఉంది. 2009లో అది సోమవారమే. సంవత్సరం నేనే తిప్పానని తెలుసు, ఆ తిప్పినదాన్నే చూస్తున్నానని తోచలేదు. వేలు నొక్కింది, కన్ను చూసింది, అయిపోయింది. ఈ నెలంతా నాకు తికమకగానే ఉంది. షాపులో ఒక రోజు, ఇంట్లో క్యాలెండరులో ఒక రోజు. పెళ్ళి సోమవారం అన్నదొక్కటే తలలో ఉంచుకున్నాను. తేదీ పట్టించుకోలేదు. లచ్చమ్మకు, నాకు తేడా ఏముంది? ఆవిడకు చదువు రాదు.

తిరుగు బస్సులో నాగేశ్వరి, వారం తప్పు ఎలా పడిందని అడిగింది. చెప్పాను. లేచి నా కుడి చెవి వైపుకు మారి కూర్చుంది.

"అంటే ఎనిమిదో తేదీ మీ మిషనుకు అసలు రానే లేదన్నమాట."

"రాలేదు."

"నేను ఉదయకు ఉత్తరం రాశాను. మిషను ఆగలేదు, మేం రావడం లేదు, వాటా అద్దెకు ఇచ్చుకో అని."

చౌటుప్పల్ దాటాక కొంగు ముఖం మీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది. ఎల్బీ నగర్‌లో దిగాక ఆటోవాడితో బేరం మాత్రం ఆడింది.

మౌనికకు నా ముఖం ఎలా చూపించాలో తెలియదు. చీర అరుణమ్మకు ఇచ్చి వచ్చాం.

జోగారావు

*

ఎర్రకుంటపల్లి,
20 మే 2014

జోగారావు సార్‌కు,

రెండు వానలు పడ్డాయి. పందిరి వేసిన చోట గుంజల గుంతలు పూడ్చాం. తోటకు ఎరువు తోలుతున్నాం.

నేను భువనగిరి నుంచి రాసిన ఉత్తరం మీకు ఈసరికి చేరి ఉంటుంది. దాన్ని చింపేయండి. ఒకవేళ చదివితే చదివినట్టు మాత్రం నాకు రాయకండి. అందులో సంతకం కింద ఇంటిపేరు కూడా పెట్టాను. అంత దూరం పోయింది మనసు.

తప్పు మీ ఒక్కరిది అంటే నేను ఒప్పుకోను. వారం దిద్దానని మీరు రాసే రాశారు. ఏమని దిద్దారని నేను అడగలేదు. అన్ని కార్డులు ఇంట్లో పెట్టుకుని మధు చదవలేదు, అరుణమ్మ చదవలేదు. మన ఇంటి కార్డు మనం ఎందుకు చదువుతాం సార్? ప్రూఫ్ చూసి సంతకం పెట్టకుండా పార్టీకి కార్డు ఇవ్వొద్దని మీరే నేర్పారు. ప్రూఫ్ వద్దన్నది నేను.

మౌనిక మూడు రోజులకు వచ్చి విని పడీ పడీ నవ్వింది. మీరిచ్చిన చీరే కట్టుకుని తిరిగి వెళ్ళింది. నవ్విన తర్వాత వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఉంది. ఎందుకో అడగలేదు.

సైదులు హోటల్లో అందరికీ చెబుతున్నాడు. "గడియారం ఎనుకకు తిప్పి సారు రాష్ట్రాన్ని ఆపుదామనుకున్నడు. లచ్చమ్మ పెండ్లి బువ్వ ఒక్కటి ఒక దినం ఆగింది" అని. అందరూ నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది. ఆ తర్వాత వాడితో కొట్లాట పెట్టుకున్నాను. సారు రాష్ట్రం కోసం తిప్పలేదు, తన పని కోసం తిప్పుకున్నాడు అన్నాను. "రెండూ ఒక్కటే గాదా?" అన్నాడు. అది నాకు తెలియలేదు. మీకేమైనా తెలుసా?

రెండు రోజులు మా ఇద్దరికీ మాటలు లేవు. నిన్న వాడే వచ్చాడు. శ్రావణంలో వాడి కొడుకు పెండ్లి. కార్డు మీ దగ్గరే వేయించాలట. "ముత్యాల లెక్క ఉన్నయి సారు అచ్చరాలు. వారం మాత్రం నేను జెప్పిందే ఎయ్యమను" అన్నాడు.

సార్, ఒక మాట. గడియారం సరిచేయండి. ఆగితే ఆగనివ్వండి. ఆగుతుందో లేదో తెలియకుండా దాని ముందు కూర్చోవడం ఏం బాగుంటుంది? ఒకవేళ ఆగకపోతే అక్కకు చూపించండి.

రామస్వామి

*

దిల్‌సుఖ్‌నగర్,
2 జూన్ 2014

రామస్వామికి,

ఉక్కపోత. మబ్బు పట్టి విడుస్తోంది. నిన్న రాత్రంతా మన సందులో టపాకాయలు కాల్చారట. నాకు చప్పుడు వినపడలేదు, గోడ మీద వెలుగులు కనిపించాయి. పొద్దున మెట్ల మీద గులాబీ రంగు పొడి ఉంటే ఊడ్చి షాపు తెరిచాను. ఒక కిరాయి ఒప్పందం వచ్చింది. రాష్ట్రం పేరు ఏమని వేయాలని నేను అడిగాను. ఆయనకు కూడా తెలియదు. తెలంగాణ అనే వేశాం.

నీ ఉత్తరం అందిన రోజే, నువ్వు చెప్పినట్టు గడియారం సరిచేశాను. 2014 పెట్టి, ఓకే నొక్కి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఏమీ కాలేదు. ఆపి మళ్ళీ ఆన్ చేశాను. వచ్చింది. అక్షరాలు అలాగే ఉన్నాయి, ప్రింటరు అలాగే ఊగుతోంది. రాఘవేంద్రను పిలిచి ఇదేమిటన్నాను. "చెప్పాను గదా అంకుల్, ఆగదు, కానీ ఉండదు" అన్నాడు. ఉండదు అన్నది ఎప్పుడు మొదలవుతుందో అతనూ చెప్పలేకపోయాడు.

నాగేశ్వరిని షాపుకు తీసుకొచ్చి చూపించాను. ఆవిడ షాపు మెట్టెక్కి రెండేళ్ళయింది. నిలబడే చూసింది.

"ఇప్పుడున్నది అసలు తేదీయేనా?"

"అసలుదే."

"నాకెలా తెలుస్తుంది?"

పేపరు చూపించాను. గోడ క్యాలెండరు చూపించాను. మిషను మీద ఆవిడ పేరు కొట్టి చూపించాను.

"ఆగలేదు. పందెం మీరే గెలిచారు" అంది. "అబద్ధం ఆడకపోయినా గెలిచేవారు. అదే నాకు అర్థం కావడం లేదు."

నాకూ అర్థం కాలేదు. అదే చెప్పాను. ఆవిడ తల ఊపి, "మీ మిషను నడుస్తోంది, మీరుండండి. షరతు మిమ్మల్ని కదపడానికి పెట్టాను. నన్ను నేను ఆపుకోవడానికి కాదు" అంది. ఉదయలక్ష్మి మేడ మీద వాటా అద్దెకు ఇచ్చేసింది. కింద ముందు గది సర్ది పెడుతుందట.

వారం రోజులు సామాను కట్టింది. నేను రెండుసార్లు ఆగమన్నాను. మూడోసారి అడిగితే నేను వస్తానంటానేమోనని అడగలేదు. వస్తానన్నా తీసుకెళ్ళేదో లేదో తెలియదు. రోలు అండాలమ్మను పిలిచి ఇచ్చింది. అండాలమ్మ రోలు ముందు నిలబడి, "ఊకె అన్న గదమ్మా, నాకొద్దు" అని ఏడ్చింది. తర్వాత అల్లుణ్ణి పిలిచి తీసుకెళ్ళింది.

నీ భువనగిరి ఉత్తరం చింపేశాను.

కంటి ఆపరేషనుకు మలక్‌పేట వచ్చినప్పుడు అరుణమ్మతో ఇక్కడే దిగు. ఇల్లు ఖాళీగా ఉంది. ఉప్పు, పప్పు ఎక్కడున్నాయో నాకు ఇంకా దొరకలేదు. సైదులు కార్డు కాగితం పంపు. వారాలు ఇప్పుడు గోడ క్యాలెండరులో చూసి వేస్తున్నాను. అతని ప్రూఫ్ అతనికే పంపుతాను, సంతకం పెట్టి పంపమను.

నాగేశ్వరి జూన్ ఒకటో తేదీ, ఆదివారం, పొద్దున ఏడున్నరకు ఎల్బీ నగర్‌లో తెనాలి బస్సెక్కింది.

జోగారావు